జర్మను పరీక్షలును పల్నాటి బిడ్డలును

పిడుగురాళ్ల పఠనమందిరమున సాయంకాలము చేరు పెద్దలకు మిరప ధర, ప్రత్తి ధర, సున్నపు బట్టీలకు బొగ్గు వచ్చినదా రాలేదా యను ముచ్చట్లు వెనుకటినుండియు గలవు. ఇప్పుడు వానితోపాటు మఱియొక ముచ్చట వచ్చి కూర్చున్నది. బి1 అనియు, బి2 అనియు, గోథే అనియు, టెల్క్ అనియు వినవచ్చు మాటలు మొదట మాకు ఏవో క్రొత్త ప్రత్తి విత్తనముల పేర్లవలె తోచినవి. విచారింపగా అవి జర్మను భాషా పరీక్షల పేర్లని తేలినది.

మొన్నటి వారము ఒక మిరప రైతు మమ్ము వెదకుకొనుచు వచ్చెను. అతని కుమార్తె నర్సింగు పట్టము పుచ్చుకొన్నది. "అయ్యా, మా అమ్మాయి జర్మనీ పోతానంటంది. ఒకాయన గోథే రాయించమంటాడు, ఇంకొకాయన టెల్క్ తేలికంటాడు. రెండింటికీ డబ్బులు కట్టే తాహతు నాకు లేదు. ఏది మంచిదో మీరు చెప్పండి" అని యడిగెను. "ఆ కాగితం చివరికి ఎవరికి చూపించాలి?" అని మేము తిరిగి యడిగితిమి. "అదేందో నాకు తెలియదండీ. ఏజెంటుకు తెలుసు" అని యతడు బదులు చెప్పెను.

ఆ తుదిమాటయే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది. అమ్ముకొనువాడు ఏ కాటాలో తూచునో తెలియనిదే మన రైతు ఒక్క టిక్కీ మిరపకాయలనైనను గుంటూరు యార్డునకు పంపడు. అట్టివాడు తన బిడ్డ చదువును, పదివేలకు పైబడిన పరీక్ష రుసుమును, ఒక సంవత్సర కాలమును ఎవరు తూచెదరో యడుగకయే అప్పగించుచున్నాడు. తప్పు అతనిది కాదు. అతనికి చెప్పవలసినవారు చెప్పలేదు.

ఈ విషయమును గూర్చి మేము వ్రాయుట కొందఱు పాఠకులకు రుచింపకపోవచ్చును. దేశముననే ఆసుపత్రులకు దాదులు చాలక యుండగా, పరదేశపు రోగుల సేవకై మన బిడ్డల నంపుటకు మీరు దారి చూపుదురా యని వారందురు. ఈ మాటలో బాధ గలదు, దానిని మేము త్రోసిపుచ్చము. కాని పొమ్మనుట వేఱు, పోవువానికి దారి చెప్పుట వేఱు. 2023-24 విద్యాసంవత్సరమున జర్మనీలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 49 వేలకు పైబడిరి, విదేశీ విద్యార్థులలో మనవారిదే పెద్ద సంఖ్యయైనది. 2024 అక్టోబరులో ఆ దేశ ప్రభుత్వము నిపుణులైన భారతీయ శ్రామికుల కిచ్చు వీసాలను సాలునకు 20 వేలనుండి 90 వేలకు పెంచెదమని ప్రకటించినది. ముసలివారు పెరిగి, పనిచేయువారు తఱిగిన దేశమది. వారికి మన చేతులు కావలసియున్నవి, మనకు జీతము కావలసియున్నది. ఈ బేరమున మనవాడు తల వంచుకొని నిలువవలసిన పనిలేదు. హైదరాబాదున జన్మించిన జాకీర్ హుస్సేను 1920వ దశకమున బెర్లినులో పట్టము పొంది వచ్చి జాతీయ విద్యాపీఠమును నడిపెను. రామమనోహర లోహియా ఆ నగరముననే 1930వ దశకారంభమున ఉప్పు పన్నును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసెను. పరభాష నేర్చుట దాస్యము కాదు. తెలియని కాగితమునకై అప్పుపడుట దాస్యము.

ఇంతకు ఈ పరీక్షలెట్టివి? ఐరోపా మండలి 2001లో భాషాజ్ఞానమునకు ఆఱు మెట్లు నిర్ణయించినది. ఎ1, ఎ2 ప్రారంభకులవి, బి1, బి2 స్వతంత్రముగా వ్యవహరింపగలవారివి, సి1, సి2 ప్రౌఢులవి. ఇవి మెట్ల పేర్లు మాత్రమే, పరీక్షల పేర్లు కావు. ఒకే మెట్టునకు పెక్కు సంస్థలు పరీక్షలు జరుపుచున్నవి. గోథే సంస్థ జర్మనీ దేశపు సాంస్కృతిక సంస్థ. మన దేశమున దానికి మాక్సుముల్లరు భవనమని పేరు. ఋగ్వేదమును ముద్రింపించియు భారతదేశమును ఎన్నడును కన్నులజూడని పండితుని పేరది. టెల్క్ అనునది జర్మనీలోని వయోజన విద్యాలయముల సమాఖ్యకు చెందిన పరీక్షా సంస్థ. ఓ.ఎస్.డి. అనునది ఆస్ట్రియా దేశపుది. టెస్ట్‌డాఫ్ అనునది విశ్వవిద్యాలయ ప్రవేశమునకై యేర్పడిన పరీక్ష, 2001 నుండి జరుగుచున్నది. డి.ఎస్.హెచ్. అనుదానిని జర్మను విశ్వవిద్యాలయములే తమ తమ యొద్ద జరుపును, దానిని ఇక్కడ వ్రాయ వీలులేదు.

మెట్టును, పరీక్షను వేఱుపఱచి చూడనందుననే మనవారిలో సగము గందరగోళము పుట్టుచున్నది. "గోథే గొప్పది, టెల్క్ తేలిక" యను మాట బజారులో ప్రచారమున నున్నది. బి2 అనగా ఎవరు పరీక్షించినను బి2యే. బి1 విషయమున గోథే సంస్థయు, ఆస్ట్రియా సంస్థయు, స్విట్జర్లండులోని ఫ్రీబుర్గు విశ్వవిద్యాలయమును కలిసి ఒకే పరీక్షను కల్పించి 2013 నుండి నడుపుచున్నవి. అనగా పేర్లు రెండు, ప్రశ్నపత్రపు తీరు ఒకటి. ఈ సంగతి తెలియని తండ్రి, "ఆస్ట్రియా కాగితం జర్మనీలో చెల్లదు" అను మాట నమ్మి, దగ్గఱనున్న కేంద్రమును వదలి దూరపు కేంద్రమునకు బిడ్డను వెంటబెట్టుకొని పోవుట మేమెఱుగుదుము. జర్మను కాన్సలేటులు వీసా విషయమున గోథే, టెల్క్, ఓ.ఎస్.డి., టెస్ట్‌డాఫ్ పత్రములను అన్నిటిని గ్రహించుచున్నవి. గ్రహింపనిది ఒక్కటే: శిక్షణాలయమువారు తమ ముద్ర వేసి, రంగుల అంచు కట్టి, తమ బిడ్డకు తామే యిచ్చుకొను యోగ్యతాపత్రము. చిత్రమేమనగా మన వీధులలో మొదట చేతికందునది అదియే.

కావున ఏ పరీక్ష గొప్పదను ప్రశ్నను విడిచి, ఎవరు అడుగుచున్నారను ప్రశ్న వేయవలయును. అడుగువారు నలుగురు. వీసా యిచ్చు కాన్సలేటు ఒకటి, వృత్తికి అనుమతి యిచ్చు రాష్ట్రాధికారి ఒకడు, చేర్చుకొను విశ్వవిద్యాలయము ఒకటి, పని యిచ్చు యజమాని ఒకడు. ఈ నలుగురి కోరికలు ఒక్కటి కావు.

మన ప్రాంతమునుండి పోవువారిలో దాదులను గూర్చియే మేము విస్తరించి వ్రాయవలసియున్నది. నరసరావుపేట, గుంటూరు కళాశాలలలో నర్సింగు చదివిన రైతుబిడ్డ లనేకులు. జర్మనీలో దాది వృత్తికి అనుమతి నిచ్చునది కేంద్ర ప్రభుత్వము కాదు, పదునాఱు రాష్ట్రములలో నే రాష్ట్రమున పనిచేయుదురో ఆ రాష్ట్రపు అధికారి. మన పట్టమును పరిశీలించి, వారి పాఠ్యక్రమముతో పోల్చి, లోపములున్నచో అక్కడికి వచ్చిన పిమ్మట శిక్షణ పొందుమనియో, జ్ఞానపరీక్షకు కూర్చుండుమనియో ఆ యధికారి ఆజ్ఞాపత్రము పంపును. ఆ శిక్షణకై విమానమెక్కుటకు సాధారణముగా బి1 చాలును. పూర్తి దాదిగా పేరు నమోదగుటకు సాధారణముగా బి2 కావలయును. కొన్ని రాష్ట్రములు సామాన్య బి2తో తృప్తిపడక వృత్తిభాషలో వేఱు పరీక్షను అడుగుచున్నవి. ఈ భేదము తెలిసిన బిడ్డ రెండు విధముల లాభపడును. మొదటిది, బి1తో పోయి అక్కడ జీతము తీసికొనుచు బి2 ముగించు దారి తనకు గలదో లేదో యజమానిని ముందే యడుగవచ్చును. ఇక రెండవది: టెల్క్ సంస్థ దాదుల కొఱకే యొక పరీక్షను కల్పించినది. రోగితోడి సంభాషణ, పాళీ మారునప్పటి నివేదన మొదలగునవి దానిలో విషయములు. ఒకే కూర్చుండుటలో వచ్చిన మార్కులనుబట్టి బి1 గాని బి2 గాని యిచ్చెదరు. అదియే తనకు చెల్లునేమో ఆ రాష్ట్రాధికారిని వ్రాసి యడుగవచ్చును. చెల్లునని బదులు వచ్చిన పిమ్మటనే రుసుము కట్టవలయును.

వైద్యుల సంగతి దీనికంటె గడ్డు. సామాన్య భాషలో బి2 చూపిన తరువాత, అక్కడి వైద్యమండలి యెదుట సి1 మెట్టున వృత్తిభాషా పరీక్ష నీయవలయును. ఇరువది నిమిషములు రోగితో, ఇరువది నిమిషములు కాగితముపై, ఇరువది నిమిషములు తోటి వైద్యునితో. దానికి ఇక్కడి ఏ పత్రమును బదులు కాదు. కావున ఇక్కడనే సి1 పత్రమునకై ఒక యేడు పోగొట్టుకొను వైద్యుడు, ఆ కాలమును రోగి భాష వినుటలో గడపినచో నెక్కువ మేలని మా తలంపు.

వివాహమై భర్త యొద్దకు పోవు యువతుల విషయమున 2007లో వచ్చిన శాసనము ఎ1 పత్రమును విధించినది. ఇది మనవారిలో బాగుగా ప్రచారమైనది. ప్రచారము కానిది దాని మినహాయింపు. భర్త నీలికార్డు పొందిన ఉద్యోగియైనచో భార్యకు ఎ1 అక్కఱలేదు. మన తెలుగు సాఫ్టువేరు ఇంజనీర్లలో నీలికార్డు వారు కొల్లలు. పెండ్లి పందిరి విప్పకముందే ఆ పిల్లను ఎ1 తరగతిలో చేర్చి రుసుము వసూలు చేయువారు ఈ మాట చెప్పుదురా? నేర్చుకొనుట మంచిదే, పరదేశమున రొట్టె కొనుటకైనను ఆ భాష కావలయును. కాని విధి యని చెప్పి అమ్ముట మోసము.

విద్యార్థులలో ఎక్కువమంది ఆంగ్లమున నడచు ఎం.ఎస్. తరగతులకు పోవుచున్నారు. వారిని విశ్వవిద్యాలయము జర్మను పత్రము తఱచుగా అడుగదు. జర్మను భాషలో చదువబోవువారికి మాత్రము పరీక్ష యెంపిక ప్రాణప్రశ్న. టెస్ట్‌డాఫ్‌లో చదువుట, వినుట, వ్రాయుట, మాటలాడుట యను నాలుగు భాగములందును నాలుగవ శ్రేణి వచ్చినచో భాషా విషయమున ఏ విశ్వవిద్యాలయమును తలుపు మూయదు. గోథే సి1ను కొన్ని గ్రహించును, కొన్ని గ్రహింపవు. ఇంతకాలము ఒకే పేరును నమ్మి చదివి, సి1 చేతబట్టుకొని దరఖాస్తు పెట్టి, "మీ పత్రము మాకు పనికిరాదు" అను బదులు పొందుట కంటె విచారకరమైనది లేదు. అది అజ్ఞానము వలననే గాని తెలివి లేక కాదు.

ఇక ఒకే మెట్టునకు రెండు మూడు పరీక్షలు చెల్లునప్పుడు, ఏది ఎంచుకొనవలయునను మాట. ఇక్కడ బిడ్డ స్వభావమును చూడవలయును. గోథే బి1, బి2లలో నాలుగు భాగములు వేర్వేఱుగా నున్నవి, 2024 నుండి సి1లోను అట్లే చేసిరి. ఒక్కొక్క భాగమునకు నూఱు మార్కులు, అఱువది వచ్చిన గెలుపు. వ్రాతలో ఓడినవారు వ్రాతనే తిరిగి వ్రాయవచ్చును, గెలిచిన మూడు భాగములు చెడవు. నాలుగు భాగములను వేర్వేఱు దినములందు వ్రాయుటకును వీలున్నది. టెల్క్ బి1లో తీరు వేఱు. చదువుట, వ్యాకరణము, వినుట, లేఖ వ్రాయుట యన్నియు కలిపి 225 మార్కులు, అందు 135 రావలయును. మాటలాడుటకు 75, అందు 45 రావలయును. అనగా వినుటలో తగ్గినది వ్యాకరణములో పూడ్చుకొనవచ్చును. గోథేలో అట్టి పూడిక లేదు, ఏ కాలికి ఆ కాలే నిలువవలయును.

మన పాఠశాలలనుండి వచ్చిన పిల్లలకు ఈ భేదము చిన్నది కాదు. వారికి సూత్రము వచ్చును, చెవి రాదు. నియమములను కంఠస్థము చేయుటలో వారిని మించినవారు లేరు, ధ్వనిపెట్టెలో ఇద్దఱు జర్మనులు వేగముగా మాటలాడగా కలము చేత పట్టుకొని బిత్తఱపోయెదరు. అట్టివారికి టెల్క్ తీరు అనుకూలము. పట్నములో పెరిగి, సినిమాలు చూచి చెవికి పదును పెట్టుకొని, వ్రాతలో మాత్రము తప్పులు చేయువారికి గోథే తీరు అనుకూలము, ఓడిన ఒక్క భాగమునకే మరల కూర్చుండవచ్చును గనుక. గోథే బి1, బి2లలో మాటలాడు పరీక్షను తఱచుగా మఱియొక అభ్యర్థితో జంటగా నడుపుదురు. టెస్ట్‌డాఫ్‌లో కంప్యూటరు తెర యెదుట కూర్చుండి యంత్రముతో మాటలాడవలయును. కొత్తవారిని చూచి బెదరు పిల్లకు యంత్రము మేలు, యంత్రమును చూచి బెదరు పిల్లకు మనిషి మేలు. ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు. ఎ1, ఎ2లలో గోథేవారి పరీక్షకును భాగముల విభజన లేదు, మొత్తము మీద నూటికి అఱువది రావలయును.

ఈ సందర్భమున ఒక చిన్న మాట. జర్మను మనకు అంత పరాయి భాష కాదు. ఉపవాక్యములలో క్రియను తుదిని నిలుపుట తెలుగువానికి తల్లిపాలతో వచ్చిన విద్య. ఆంగ్లము చదివిన మరాఠీ, బెంగాలీ మిత్రులు తడబడునట్టి దీర్ఘసమాసములకు మనము బెదరము, ప్రబంధములు చదివిన జాతి గదా! తడబాటెల్ల లింగముల యొద్ద. మహత్తు, అమహత్తు అని రెంటితో సరిపెట్టుకొన్న మనకు బల్లయు పురుషుడనియు, పిల్ల నపుంసకమనియు, సూర్యుడు స్త్రీయనియు, చంద్రుడు పురుషుడనియు విన్నప్పుడు నవ్వు వచ్చును. నవ్వి నేర్చుకొనవలసినదే.

భాషా పరీక్ష మనకు క్రొత్తయు కాదు. 1812లో చెన్నపట్టణమున ఫోర్టు సెయింటు జార్జి కళాశాలను స్థాపించి, కుంపిణీవారు తమ దొరతనపు పిల్లలకు తెలుగు మొదలగు దేశభాషలు నేర్పి పరీక్షించిరి. 1817లో వచ్చిన సి.పి. బ్రౌను అక్కడనే తెలుగు నేర్చి, 1832-33 నాటి డొక్కల కఱవులో గుంటూరున ఉద్యోగము చేసెను. అంతకు ముందే బెంజమిను షుల్జ్ అను జర్మను మతబోధకుడు 1720వ దశకమున తెలుగు వ్యాకరణము వ్రాసెను, 1746-47 ప్రాంతమున జర్మనీలోని హాలె పట్టణమున తెలుగు పుస్తకములను ముద్రింపించెను. జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో పుట్టిన హేయరు దొర 1842లో గుంటూరు చేరి, తరువాత మన గురజాలకు వచ్చి పల్నాటి పల్లెలలో తెలుగున బోధించెను. వారు మతము కొఱకును, పాలన కొఱకును మన భాష నేర్చిరి. ఏ కారణమున నేర్చినను నిజముగా నేర్చిరి, కొనలేదు.

మన దౌర్భాగ్య మిక్కడనే మొదలగుచున్నది. "తొంబది దినములలో బి2" అని వ్రాసిన ప్రకటన మేము కన్నులార చూచితిమి. గోథే సంస్థ అంచనా ప్రకారము సున్నానుండి బి2 చేరుటకు 45 నిమిషముల పాఠములు 600 నుండి 800 వఱకు కావలయును. తొంబది దినములలో ఆదివారమైనను విడువక దినమునకు ఏడేసి పాఠములు చెప్పినచో 630 అగును. ఆ పిల్ల ఇంటికి పోయి ఎప్పుడు చదువుకొనవలయును? ఎప్పుడు నిద్రింపవలయును? తెలిసియే ఈ లెక్క చెప్పుచున్నారు. ఓడిన పిమ్మట మరల రుసుము, మరల తరగతి. మూడవ మాఱు ఓడినవారికి మఱియొక రహస్యపు దారి చూపుదురు. పరీక్షకు పోనక్కఱలేదు, పత్రము ఇంటికే వచ్చును, వెల కొంచె మెక్కువ.

ఆ దారిని పోవు తల్లిదండ్రులకు మేము కఠినముగా చెప్పవలసియున్నది. జారీచేసిన సంస్థను అడిగి పత్రమును సరిచూచుకొనుట కాన్సలేటునకు కష్టమైన పని కాదు. వీసా యడుగ వచ్చిన వానిని అక్కడి గుమాస్తా జర్మనులో రెండు ప్రశ్నలు వేయవచ్చును. బొంకు బయటపడినచో పోవునది ఒక్క వీసా కాదు, ఆ బిడ్డ పేరు. బయటపడక పోయినచో ఇంకను భయంకరము. రాత్రి పాళీలో ముసలి రోగి "ఊపిరాడుట లేదు" అని చెప్పగా, బి2 పత్రము గోడకు తగిలించుకొన్న దాదికి ఆ మాట బోధపడకున్నచో? ఆ ముసలివాడు మనవాడు కాకపోవచ్చును, అతని ప్రాణము ప్రాణమే. మన జాతి పేరు అతని మంచము ప్రక్కనే నిలిచియుండును.

1922లో పల్నాటి అడవులలో పశువుల మేతకు పుల్లరి కట్టమని దొరతనమువా రడుగగా కన్నెగంటి హనుమంతు కట్టననెను, ప్రాణము నిచ్చెను. నేడు మన బిడ్డల భవిష్యత్తు మీద దళారులు వసూలు చేయు ఈ క్రొత్త పుల్లరిని మన మడుగకయే కట్టుచున్నాము. అప్పటివారికి తుపాకి యెదుట ఉండెను. మనకు ఎదుట ఉన్నది రంగుల ప్రకటన మాత్రమే.

దీనికి ప్రభుత్వములు చేయగల పని గలదు, చేసిన దృష్టాంతములును గలవు. జర్మను ప్రభుత్వపు ఉద్యోగ సంస్థయు, జీ.ఐ.జెడ్. అను సహకార సంస్థయు కలిసి 2013 నుండి 'ట్రిపుల్ విన్' అను పద్ధతిని నడుపుచున్నవి. ఈ పద్ధతిన దాది యొద్ద నియామకపు రుసుము తీసికొనరు, భాషాశిక్షణ ఖర్చు యజమాని పక్షమున భరింతురు. కేరళ రాష్ట్రము 2021 డిసెంబరులో నోర్కా అను తన సంస్థ ద్వారా ఈ పద్ధతిలో చేరినది. తెలంగాణ ప్రభుత్వపు టాంకాం సంస్థయు దాదులను జర్మనీకి పంపు పనిలో నున్నది. ఈ దారి తెలిసిన తండ్రి లక్షలు చెల్లించి దళారి గడప తొక్కునా? మన పల్నాటి బిడ్డలకు ఈ దారులు తెలుపు మనిషి ఊరిలో ఒక్కడును లేడు. మండల కార్యాలయమున అడిగినచో వారు మనలనే తిరిగి యడుగుదురు.

మేము కోరునది పెద్ద భవనము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థవారు మన గ్రంథాలయమున ఒక బల్లను కేటాయించి, పరీక్షా సంస్థల నియమములను తెలుగున అచ్చు వేయించి గోడకు అంటింపవలయును. ఏ పత్రము ఎవరు అడుగుదురు, ఏ కేంద్రము నిజముగా అనుమతి పొందినది, రుసుము ఎంత, ఓడినచో మరల కట్టునది ఎంత — ఇవి అందఱి కన్నుల కెదుట నుండవలయును. అనుమతి పొందిన కేంద్రముల జాబితాను ఆయా సంస్థలే ప్రకటించుచున్నవి. దానిని నెలకొకమాఱు తిరుగ వ్రాయుటకు డిగ్రీ చదివిన యొక్క కుఱ్ఱవాడు చాలును. పరీక్షా కేంద్రము విషయము దీనికంటె పెద్దది. మన పిల్లలు సాధారణముగా హైదరాబాదులోని గోథే కేంద్రమునకో, చెన్నపట్టణపు మాక్సుముల్లరు భవనమునకో పోవలసియున్నది. పరీక్షకు చోట్లు తెఱచిన కొద్దిసేపటికే నిండిపోవునని అభ్యర్థులు మొఱపెట్టుచున్నారు. ఆడపిల్లతో తండ్రియు పోవలయును, రాత్రి బస్సు, ఒక దినపు బస, పొలములో కూలీల పని చెడుట — ఇవన్నియు పరీక్ష రుసుము లోపల లెక్కకు రానివి. గుంటూరు వైద్య కళాశాల, నాగార్జున విశ్వవిద్యాలయము ఉన్న ప్రాంతమున సంవత్సరమునకు నాలుగు మాఱులైనను పరీక్ష జరుపుమని రాష్ట్ర ప్రభుత్వము ఆ సంస్థల నడుగుట అసాధ్యమైన కోరిక కాదు. సభలలో విదేశములనుండి పెట్టుబడులు తెచ్చితిమని చెప్పుకొను మంత్రులకు, మనుష్యులను పంపుట కూడ ఒక వ్యవహారమేనని గుర్తు చేయవలసి వచ్చుచున్నది.

ఆ మిరప రైతునకు మేము చెప్పిన దింతే. ముందు అమ్మాయికి పని యిచ్చెదమన్న ఆసుపత్రి పేరు, అది యే రాష్ట్రమున నున్నదో కనుగొనుడు. ఆ రాష్ట్రపు అధికారి ఏ పరీక్షలను గ్రహించునో, పోవుటకు బి1 చాలునో, బి2 ఇక్కడనే కావలయునో, వ్రాతమూలముగా అడుగుడు. బదులు వచ్చువఱకు ఎవరికిని రూపాయి ఈయవలదు. అమ్మాయి చెవి బలమా, కలము బలమా చూచుకొని, చెల్లు పరీక్షలలో నొకటి ఎంచుకొనుడు. అతడు తల యూపి పోయెను. నాలుగు దినముల తరువాత ఆ యమ్మాయియే వచ్చినది. ఆసుపత్రి పేరు ఏజెంటు చెప్పలేదట. "అది సీక్రెట్ అన్నాడండీ" అని ఆమె నవ్వినది. ఇచ్చిన బయానా తిరిగి యడుగుటకు తండ్రి ఆ యుదయముననే బయలుదేరి పోయెననియు, తాను మాత్రము ఎ2 పుస్తకములో ఏడవ పాఠము చదువుచున్నాననియు చెప్పినది.